డిపాజిట్‌లో ఉన్న వేలు

మా ఊరు జిల్లా కేంద్రమయ్యాక, జిల్లా అన్నదానికి ఉండాల్సినవన్నీ మాకున్నాయా లేవా అని చూసుకునే పని మొదలైంది. కలెక్టరాఫీసు ఉంది, పాత పొగాకు గోడౌన్లో. జిల్లా కోర్టు ఉంది, కల్యాణ మండపంలో. ముహూర్తాలున్న రోజుల్లో కోర్టుకి సెలవు. జిల్లా గ్రంథాలయం ఉంది, పుస్తకాలు ఇంకా రావాలి. కబడ్డీ సంఘం, చెస్ సంఘం, క్యారమ్స్ సంఘం వచ్చేశాయి. పక్క జిల్లాకి ఉండి మాకు లేనిదల్లా ప్రాక్టికల్ పిస్టల్ షూటింగ్ సంఘం ఒక్కటేనని తేలింది. ఆ సంగతి తెలిసిన రోజున మా ఊరి పెద్దలకి అన్నం సహించలేదు.

ఈ ఆట తెలియనివాళ్ల కోసం రెండు మాటలు చెబుతాను. మామూలు షూటింగులో ఒకచోట నిలబడి, ఊపిరి బిగబట్టి, ఎదురుగా ఉన్న చుక్కని కొడతారు. ఇందులో అలా కుదరదు. ఈల వెయ్యగానే పరుగెత్తాలి. గోడ చాటున వంగి కాల్చాలి, కిటికీలోంచి కాల్చాలి, మళ్లీ పరుగెత్తాలి, తూటాలైపోతే పరుగులోనే కొత్తవి ఎక్కించుకోవాలి. ఎదురుగా అట్టబొమ్మలుంటాయి. ఎంత గురిగా కొట్టారన్నదీ లెక్కే, ఎంత తొందరగా కొట్టారన్నదీ లెక్కే.

నా పేరు పరాంకుశం. నీటిపారుదల శాఖలో సీనియర్ అసిస్టెంటుని. పుర్రచేతివాణ్ణి. అన్నం ఒక్కటి కుడిచేత్తో తినడం మా నాయనమ్మ నేర్పింది, వీపు మీద. మిగతా పనులన్నీ ఎడమచేత్తోనే. చిన్నప్పుడు తిరనాళ్లలో తుపాకీతో బుడగలు పేల్చే బోర్డు దగ్గర నన్ను చూస్తే కొట్టువాడు మొహం మాడ్చుకునేవాడు. అంత గురి ఉండి కూడా ఏం లాభం, బతుకంతా ఫైళ్ల మధ్య గడిచిపోయింది. ఆఫీసులో నేను ఏం మాట్లాడినా ఎవరికీ వినపడదు. 'సార్' అని మూడుసార్లు పిలిస్తే మా ఇంజినీరుగారు ఫ్యాను వైపు చూస్తారు. అందుకని నాకొక కోరిక ఉండిపోయింది. జీవితంలో ఒక్కసారి నిజమైన పిస్టల్ ట్రిగ్గర్ నొక్కాలి. నా చేతిలోంచి ఒక్కసారైనా గట్టి చప్పుడు రావాలి. అంతకుమించి దేవుణ్ణి ఏమీ అడగలేదు.

సంఘం పెట్టారని తెలియగానే వెళ్లి చేరిపోయాను.

అధ్యక్షులు త్రివిక్రమరావుగారు. పశుసంవర్ధక శాఖలో పెద్ద హోదాలో రిటైరయ్యారు. సభ్యులందరిలోనూ లైసెన్సున్న పిస్టల్ ఆయనకొక్కరికే ఉంది కాబట్టి, ఆయన్ని అధ్యక్షులుగా ఏకగ్రీవంగా ఎన్నుకున్నాం. ఆ పిస్టల్ వాళ్ల నాన్నగారి నాటిదట. ఇంట్లో ఇనప్పెట్టెలో ఉంటుందట. దాన్ని చూసినవాళ్లు మాలో ఎవరూ లేరు.

కొత్తగా చేరినవాళ్లకి మొదటి పాఠం భద్రత. అది ఎక్కడైనా అంతే, అలాగే ఉండాలి కూడా. త్రివిక్రమరావుగారు మైకు సవరించుకుని మొదలుపెట్టారు.

"సోదర షూటర్లారా! ప్రతి పిస్టల్‌లోనూ తూటా ఉన్నట్టే భావించవలెను. గొట్టమును ఏ వ్యక్తి వైపునకూ తిప్పరాదు. గురి కుదురునంతవరకు వేలిని ట్రిగ్గర్‌పై ఉంచరాదు. ఈ నియమములు ఈ క్రీడకు ఊపిరి వంటివి."

మేం చప్పట్లు కొట్టాం. అక్కడితో వదిలేస్తే బాగుండేది. కాని మా సంఘానికి ఒక కార్యవర్గం ఉంది, దానికి నెలనెలా సమావేశం ఉంది, సమావేశం అన్నాక ఏదో ఒక తీర్మానం ఉండాలి. మొదటి నియమం మీద చర్చ పెట్టారు. తూటా లేకపోయినా ఉన్నట్టే భావించాలి అన్నప్పుడు, ఇక తూటా దేనికి? ఉన్నట్టు భావిస్తే సరిపోతుంది కదా? అందరూ చేతులెత్తి ఆమోదించారు. తూటాలు రద్దయ్యాయి.

తరవాత పిస్టళ్ల సంగతి. ఉన్నదొక్కటే, అది ఇనప్పెట్టెలో ఉంది. కాబట్టి వడ్రంగి చేత తలా ఒక చెక్క పిస్టల్ చేయించారు. నల్లరంగు కూడా వేయించారు. మా సభ్యుడొకాయన సాధన ముగించుకుని దాన్ని నడుముకి పెట్టుకుని బస్సెక్కాడు. డ్రైవరు బస్సుని తిన్నగా పోలీస్ స్టేషన్లోకి తోలాడు. మా ఎస్సై రుద్రయ్యగారు బస్సు దిగిన మనిషిని చూసి, పిస్టల్ని చూసి, పిస్టల్ని గోకి చూసి, త్రివిక్రమరావుగారికి ఫోన్ చేశారు.

"ఏంటి సార్ ఇది? చెక్క అని మీకు తెలుసు, నాకు తెలుసు. జనానికి తెలుస్తుందా? ఇంకోసారి ఇలాంటివి బజార్లో కనిపిస్తే అందర్నీ లోపలేస్తాను, చెక్కతో సహా."

ఆ నెల సమావేశంలో త్రివిక్రమరావుగారు లేచి మైకు అందుకున్నారు.

"లేని తూటాను ఉన్నట్టు భావించగలిగిన వారము, లేని పిస్టల్‌ను ఉన్నట్టు భావించలేమా?"

హాలు మారుమోగిపోయింది. నేను కూడా చప్పట్లు కొట్టాననే చెప్పాలి. ఆ క్షణంలో అది చాలా గొప్ప మాటలా వినిపించింది. ఇంటికొచ్చి అన్నం తింటుంటే గాని అర్థం కాలేదు, పిస్టల్ కూడా పోయిందని.

ఆ రోజు నుంచి ఎవరి చూపుడు వేలే వాళ్ల పిస్టల్. నియమావళి తయారైంది. వేలు చాచితే పిస్టల్ తీసినట్టు. ముడిస్తే భద్రపరిచినట్టు. జేబులో పెట్టి మళ్లీ తీస్తే తూటాలు మార్చినట్టు. కాల్పుకి శబ్దం 'ఠాం' అని ఖరారు చేశారు. 'ఢాం' అన్నవాణ్ణి వెంటనే తప్పించాలి. అది బాంబుల విభాగం, దానికి వేరే శాఖ అనుమతి కావాలి. మధ్యలో దగ్గొస్తే పిస్టల్ ఇరుక్కున్నట్టు. గురి తగిలిందా లేదా అన్నది 'ఠాం' అనడంలో ఉన్న ఆత్మవిశ్వాసాన్ని బట్టి న్యాయనిర్ణేత తేలుస్తారు. న్యాయనిర్ణేత మన త్రివిక్రమరావుగారే.

నేను ఉండబట్టలేక లేచాను.

"సార్, మరి నిజం పిస్టల్ ఎప్పుడు సార్?"

త్రివిక్రమరావుగారు నా వైపు జాలిగా చూశారు. "తొందరపాటు షూటరుకు తగదు, పరాంకుశంగారూ. అయినను, సభ్యులలో ఉత్సాహము కలిగించుట సంఘ ధర్మము. జిల్లా పోటీలో ప్రథమ విజేతకు నా స్వంత పిస్టల్‌తో, పోలీసు వారి ఫైరింగ్ రేంజ్‌లో, నా పర్యవేక్షణలో, ఒక నిజమైన తూటా పేల్చు అవకాశము కల్పించబడును."

ఒక నిజమైన తూటా! ఇక చూస్కోండి.

పొద్దున్నే లేచి సాధన మొదలుపెట్టేవాణ్ణి. ఫ్రిజ్ చాటున నక్కి ఠాం, మంచం కింద నుంచి ఠాం, వంటింటి కిటికీలోంచి ఠాం ఠాం. మా ఆవిడ ఇందుమతి మొదట్లో కాస్త కంగారు పడింది గాని, తరవాత అలవాటైపోయింది. నేను వంటింటి గుమ్మం దగ్గర దొర్లి లేచి ఠాం అంటే, కాఫీ కలుపుతూనే, "తగల్లేదు, పక్కనుంచి పోయింది. స్పీడు చాలదు మీకు" అనేది. దర్జీ చేత నా వేలికి సరిపడా ఒక గుడ్డ ఒర కుట్టించి నడుముకి కట్టింది కూడా ఆవిడే.

"నవ్వుతున్నావా?" అన్నాను.

"లేదండీ. మీరింత ముచ్చటగా ఏ పనీ చెయ్యడం నేను చూళ్లేదు" అంది. ఆ మాటకి నాకు చాలా సంతోషమేసింది.

పోటీ మార్కెట్ యార్డులో జరిగింది. మిర్చి బస్తాల చాటునుంచి కాల్చాలి. ఘాటుకి సగంమంది పిస్టళ్లు ఇరుక్కుపోయాయి. చివరికి మిగిలింది ఇద్దరం, నేనూ చక్రపాణీ. చక్రపాణి ఆర్టీసీ బస్టాండులో అనౌన్సరు. ఆయన 'ఠాం' అంటే యార్డు అవతల కాకులు లేచాయి. అంత ఆత్మవిశ్వాసం ఉన్న గొంతు ముందు నా గొంతెంత? నేను ఓడిపోయాననే అనుకున్నాను. కాని ఆయనకి ఒక అలవాటుంది. ఏది చెప్పినా ముందు, "ప్రయాణికులు దయచేసి గమనించండి" అనకుండా ఉండలేడు. ప్రతి అట్టబొమ్మ దగ్గరా అదన్నాడు. ఆయన అది అనేంతలో నేను రెండు బొమ్మలు పడగొట్టి ముందుకెళ్లిపోయాను.

గెలిచాను. త్రివిక్రమరావుగారు మెడలో దండ వేశారు. వచ్చే ఆదివారం ఫైరింగ్ రేంజ్‌కి రమ్మన్నారు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఎడమచేతి చూపుడు వేలిని కళ్ల ముందు పెట్టుకుని చూసుకుంటూ పడుకున్నాను.

శుక్రవారం మునిసిపల్ ఎన్నికలకి నోటిఫికేషన్ వచ్చింది.

ఎన్నికల కోడ్ రాగానే మన దగ్గరొక పద్ధతుంది. లైసెన్సు ఆయుధాలున్నవాళ్లు వాటిని పోలీస్ స్టేషన్లో డిపాజిట్ చెయ్యాలి, కోడ్ అయిపోయాక తెచ్చుకోవాలి. మంచి పద్ధతే. రుద్రయ్యగారు మా సంఘ సభ్యులందర్నీ స్టేషన్‌కి పిలిపించారు.

"అందరూ ఆయుధాలు డిపాజిట్ చేసెయ్యండి. రసీదు ఇస్తాం."

"మా దగ్గర ఆయుధాలు ఎక్కడివి సార్?" అన్నాడు చక్రపాణి.

"లేకపోవడమేంటి? క్రీడాశాఖ గ్రాంటు కోసం మీ ప్రెసిడెంటుగారు రాసిన ఉత్తరం, ఒక కాపీ మాకూ పంపారు. సభ్యుల చూపుడు వేళ్లు సంఘం గుర్తింపు పొందిన ఆయుధాలని ఉంది. గ్రాంటు వచ్చింది కదా?"

వచ్చింది. మేం త్రివిక్రమరావుగారి వైపు చూశాం. ఆయన పైకప్పు వైపు చూశారు.

"సార్, వేలు ఊడి రాదు సార్" అన్నాను నేను.

"చూడండి పరాంకుశంగారూ, మీ మీద నాకేం కోపం లేదు. పైనుంచి ఆర్డరు. కోడ్ టైములో గుర్తింపున్న ఆయుధం బయట తిరుగుతుంటే నా ఉద్యోగం పోతుంది. వేలుతో పాటు మీరూ ఇక్కడే ఉండిపోతానంటే బెంచీ ఉంది."

బెంచీ మీద అప్పటికే ముగ్గురు సారా కేసువాళ్లు ఉన్నారు. అందరం ఒక అడుగు వెనక్కి వేశాం. అప్పుడు త్రివిక్రమరావుగారు గొంతు సవరించుకున్నారు.

"ఆయుధమును యజమాని శరీరముననే ఉంచి, సీలు వేసి, స్టేషన్‌లో ఉన్నట్టు భావించవచ్చును కదా?"

రుద్రయ్యగారు తలూపారు. రైటర్ని పిలిచారు. రైటరు ఖాకీ గుడ్డ, దారం, లక్క తెచ్చాడు. ఒక్కొక్కరి వేలూ గుడ్డలో చుట్టి, దారం కట్టి, ముడి మీద కరిగిన లక్క పోసి ముద్ర వేశాడు. "కొంచెం చురుక్కుమంటుంది, ఓర్చుకోండి" అన్నాడు. అందరివీ కుడిచేతులు. నాది ఒక్కటే ఎడమచెయ్యి. సదరు ఆయుధాలు స్టేషన్ కస్టడీలో భద్రంగా ఉన్నాయని రసీదులిచ్చారు. ఈ హడావుడిలో త్రివిక్రమరావుగారి ఇనప్పెట్టెలో ఉన్న అసలు పిస్టల్‌ని అడగాలని మాత్రం ఎవరికీ తట్టలేదు.

ఆదివారం వచ్చింది, పోయింది. బహుమతి తూటా కోడ్ తరవాతకి వాయిదా పడింది.

మిగతా సభ్యుల అవస్థ చూసి ఊరు ముక్కున వేలేసుకుంది. వాళ్లకి ఆ వీలు కూడా లేదు. అన్నం కలుపుకోలేక చెంచాలతో పప్పన్నం తిన్నారు. చక్రపాణికి వాళ్లమ్మాయి ముద్దలు చేసి పెట్టింది. నాకు తిండికి ఇబ్బంది లేదు. కాని నేను రాసేది ఎడమచేత్తో. ఆఫీసులో ఫైళ్లన్నీ ఆగిపోయాయి. విశేషమేమిటంటే, ఆగిపోయాయని ఎవరూ గుర్తించలేదు. ఇక ఎడమచేతికి మన దేశంలో ఉన్న ముఖ్యమైన బాధ్యత ఏమిటో, అది లక్క సీలుతో ఎలా నెరవేరుతుందో నేను విడమరిచి చెప్పక్కర్లేదు. ఇందుమతి రోజూ ఆ వేలి మీద ప్లాస్టిక్ కవరు తొడిగి రబ్బరుబ్యాండు వేసేది. "ఈ తూటా పేలేదాకా నాకీ సేవ తప్పదు కాబోలు" అనేది. విసుక్కునేది గాని మానలేదు.

పోలింగ్ రోజు వచ్చింది. నేనెప్పుడూ ఓటు మానను. నా మాట ఎక్కడా వినపడదు కాబట్టి, అక్కడైనా ఒక నొక్కు నొక్కి రావాలని నా పట్టుదల.

పోలింగ్ కేంద్రానికి దూరంగా సున్నంతో గీసిన గీత దగ్గర కానిస్టేబులు ఆపాడు.

"ఆ చేతికేంటండీ?"

"డిపాజిట్ చేసిన ఆయుధం" అన్నాను. నిజం చెప్పడం నాకలవాటు.

"ఆయుధంతో గీత దాటకూడదండీ."

"ఆయుధం నా దగ్గర లేదు బాబూ, స్టేషన్లో ఉంది. ఇదిగో రసీదు."

కానిస్టేబులు రసీదు చూశాడు, వేలు చూశాడు, మళ్లీ రసీదు చూశాడు. స్టేషన్‌కి ఫోన్ చేస్తే, ఆయుధం తమ దగ్గరే ఉందని రైటరు గట్టిగా చెప్పాడు. నన్ను వదిలాడు.

లోపల ప్రిసైడింగ్ ఆఫీసరు ఒక హైస్కూలు హెడ్మాస్టరు. సిరా వేసే ఆవిడ నా చెయ్యి చూసి ఆగిపోయింది. ఎడమ చూపుడు వేలికే సిరా వెయ్యాలి. అది సీలులో ఉంది.

"సీలు విప్పండి" అన్నారు హెడ్మాస్టరు.

"విప్పితే కేసు అవుతుందండీ."

"విప్పకపోతే ఓటు లేదండీ."

నా వెనక లైను పెరిగిపోతోంది. ఎవరో తిడుతున్నారు. హెడ్మాస్టరు కళ్లజోడు పెట్టుకుని నిబంధనల పుస్తకం తిరగేశారు. ఒకచోట ఆయన మొహం వికసించింది.

"ఎడమ చూపుడు వేలు లేని ఓటరుకి ఆ చేతికే ఉన్న మరో వేలికి సిరా వెయ్యొచ్చని ఉంది. మీకు ఎడమ చూపుడు వేలు ఉందా?"

"ఉందండీ, ఇదిగో..."

"ఇక్కడుందా? స్టేషన్లో ఉందా?"

నేను రసీదు వైపు చూసుకున్నాను. "స్టేషన్లో ఉందండీ."

"అంటే ఇక్కడ లేదు. రాసుకోమ్మా, ఎడమ చూపుడు వేలు లేదు."

నడిమి వేలికి సిరా పూశారు. నేను ఓటు వేసి బయటికొచ్చాను. ఎంత తెలివైన మనిషో అనుకున్నాను. దేవుడు నన్ను క్షమించాలి, ఆయనకి నమస్కారం కూడా పెట్టాను.

ఎన్నికలయ్యాయి, కోడ్ పోయింది. రసీదులు పట్టుకుని అందరం స్టేషన్‌కి వెళ్లాం. ఒక్కొక్కరి సీలూ కత్తిరించి, ఆయుధం తిరిగి ముట్టినట్టు సంతకం పెట్టించుకున్నారు. నా వంతు వచ్చేసరికి రుద్రయ్యగారు కత్తెర పక్కన పెట్టేశారు.

"మీదో చిక్కుంది పరాంకుశంగారూ. మీకు ఎడమ చూపుడు వేలు లేదని పోలింగ్ రికార్డులో ఉంది. లేని వేలుని తిరిగిచ్చేసినట్టు నేనెలా రాయను? రాస్తే ఎలక్షన్ రికార్డు తప్పయిపోతుంది. ఆ బూత్‌లో రీపోలింగ్ అంటారు. మీ ఒక్క వేలు కోసం ఊరంతా మళ్లీ ఓట్లెయ్యాలా?"

"మరి నా వేలు సార్?"

"నా కస్టడీలోనే ఉంటుంది. నేను ట్రాన్స్‌ఫర్ అయితే వచ్చే ఎస్సైకి అప్పజెప్పి పోతాను. ఆ గుడ్డ మీ ఇంట్లో ఎప్పుడు ఊడిపోయిందో నేనడగను. రికార్డులో మాత్రం వేలు ఇక్కడుంది."

ఇంటికొచ్చాక ఇందుమతి కత్తిపీట మీద లక్క పగలగొట్టి గుడ్డ విప్పింది. వేలు తెల్లగా, నానబెట్టిన బాదంపప్పులా ముడతలు పడి ఉంది. ఆవిడ దాన్ని తన చేతిలోకి తీసుకుని కొబ్బరినూనె రాసింది. చాలాసేపు రాస్తూనే ఉంది. "పాపం" అంది. నాకనో, వేలికనో తెలియలేదు.

బహుమతి ఆదివారం రానే వచ్చింది. ఫైరింగ్ రేంజ్ పోలీసు పెరేడ్ గ్రౌండు వెనకాల ఉంది. ఎత్తయిన మట్టికట్ట, దాని ముందు అట్టబొమ్మ. ఫొటోల కోసం మట్టికట్ట మీద పెద్ద ఫ్లెక్సీ పరిచారు. అందులో త్రివిక్రమరావుగారు చూపుడు వేలు చాచి, ఒక కన్ను మూసి, చిరునవ్వుతో గురి చూస్తున్నారు. కింద 'భద్రతే మా గురి' అని రాసుంది. సభ్యులందరూ వచ్చారు. రుద్రయ్యగారు అతిథిగా వచ్చి కుర్చీలో కూచున్నారు.

త్రివిక్రమరావుగారు చిన్న పెట్టె తెరిచి పిస్టల్ తీశారు. నిజంగానే ఉంది. నల్లగా, చిన్నగా, నూనె వాసన వేస్తూ. అందులో ఒకే ఒక్క తూటా ఎక్కించారు. ఎడమచెయ్యి చాచాను.

"ఆ చెయ్యి కాదు" అన్నారాయన. "మీకు ఎడమ చూపుడు వేలు లేదని ప్రభుత్వ రికార్డులు ఘోషించుచున్నవి. లేని వేలితో ట్రిగ్గర్ నొక్కుట భద్రతా నియమాలకు విరుద్ధము. కుడిచేత్తో పట్టుకొనుడు."

కుడిచేత్తో పట్టుకున్నాను. కొత్తగా ఉంది, ఎవరిదో చెయ్యి పెట్టుకున్నట్టుంది. అయినా గురి చూశాను. వేలు ట్రిగ్గర్ మీదకి జరపబోతుంటే ఆయన చెయ్యెత్తారు.

"వేలు బయటనే ఉంచుడు! సంఘ నియమావళి ప్రకారము కాల్పు శబ్దమును స్పష్టముగా ఉచ్చరించుడు."

"సార్, నిజం తూటా ఉంది కదా సార్..."

"నియమావళి అందరికీ ఒక్కటే."

ఎదురుచెప్పడం నాకు చేతకాదు. ఇన్నేళ్లుగా చేతకాలేదు. నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఠాం" అన్నాను.

చప్పట్లు మోగాయి. త్రివిక్రమరావుగారు నా భుజం తట్టారు. "అద్భుతము! తూటా పేలినట్టు భావించడమైనది. బహుమతి ప్రదానము పూర్తి. పైగా తూటా ఆదా అయినది. పిస్టల్ ఇటు ఇవ్వండి."

చేతిలో పిస్టల్ ఉంది. అందులో తూటా ఉంది. నా బహుమతి అయిపోయింది. నాకు ఏడుపొచ్చింది. ఫ్రిజ్ చాటున, మంచం కింద, మిర్చి బస్తాల మధ్య పడ్డ పాట్లన్నీ గుర్తొచ్చాయి. ప్లాస్టిక్ కవరు గుర్తొచ్చింది. తరవాత కోపం వచ్చింది. నాకు అంత కోపం రావడం అదే మొదటిసారి. గొట్టం మట్టికట్ట వైపే ఉంది, ఆ ఒక్క నియమం నేను తప్పలేదు. పిస్టల్‌ని ఎడమచేతిలోకి మార్చుకున్నాను. నూనె రాసిన వేలు ట్రిగ్గర్ మీద పెట్టాను. నొక్కాను.

అబ్బ, ఏం చప్పుడండీ అది! చెవులు గింగురుమన్నాయి. భుజం దాకా అదిరింది. పెరేడ్ గ్రౌండు అవతల చింతచెట్ల మీద కొంగలన్నీ లేచిపోయాయి. అది 'ఠాం' అని ఎవడు కనిపెట్టాడో గాని, దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. అందరూ నా వైపే చూస్తున్నారు. ఇరవై ఏళ్లలో నా వైపు అంతమంది ఒక్కసారి చూడలేదు.

అట్టబొమ్మకి తగల్లేదు. నెలరోజులు గుడ్డలో ఉన్న వేలు కదా, కాస్త పైకి పోయింది. ఫ్లెక్సీలో త్రివిక్రమరావుగారి చాచిన వేలు కొస ఎగిరిపోయింది. అక్కడ గుండ్రంగా ఒక కన్నం, కన్నంలోంచి మట్టి కనిపిస్తోంది.

త్రివిక్రమరావుగారు తన వేలు తడిమి చూసుకున్నారు. "అరెస్టు చేయుడు! ఎస్సైగారూ, అనుమతి లేని కాల్పు! తక్షణమే అరెస్టు చేయుడు!"

రుద్రయ్యగారు లేచి, టోపీ సర్దుకుని, పిస్టల్ నా చేతిలోంచి మెల్లిగా తీసుకున్నారు.

"ఏ వేలుతో కాల్చారు?"

"ఎడమ చూపుడు వేలుతో సార్" అన్నాను. నిజం చెప్పడం నాకలవాటని ముందే చెప్పాను.

రుద్రయ్యగారు వేలు చూశారు. చూస్తుండగానే ఆయన మొహంలో రంగు మారింది. ఆ వేలు ఆయన కస్టడీలో ఉంది. తిరిగిచ్చినట్టు సంతకం లేదు. స్టేషన్లో భద్రంగా ఉండాల్సిన ఆయుధం ఆదివారం ఉదయం, ఆయన కళ్లెదుట, పేలింది.

ఆయన త్రివిక్రమరావుగారిని పక్కకి తీసుకెళ్లారు. మాటలు వినపడుతూనే ఉన్నాయి.

"సార్, ఆ వేలు స్టేషన్లో ఉంది. స్టేషన్లో ఉన్న వేలు ఇక్కడెలా కాలుస్తుంది?"

"మేమందరమూ కన్నులారా చూచితిమి!"

"చూశారు. అయితే ఇంకోటి కూడా చూడాలి. మొన్న కోడ్‌లో ఈ పిస్టల్ ఎక్కడుంది సార్? డిపాజిట్ చేసిన రసీదు ఉందా?"

త్రివిక్రమరావుగారు ఫ్లెక్సీ వైపు చూశారు. అట్టబొమ్మ వైపు చూశారు. మా వైపు తిరిగి, మైకు లేకపోయినా మైకు ముందున్నట్టే నిలబడ్డారు.

"సోదర షూటర్లారా! ఇప్పుడు వినిపించిన శబ్దము వినిపించనట్టు భావించవలెను. ఫ్లెక్సీని ఎలుకలు కొరికినవి."

ఖాళీ తూటా తొడుగు చక్రపాణి కాలి దగ్గర పడి మెరుస్తోంది. ఆయన దాన్ని చూశాడు. "సభ్యులు దయచేసి గమనిం..." అని మొదలుపెట్టి, రుద్రయ్యగారి చూపు తగిలి, దాని మీద చెప్పుకాలు పెట్టి నిలబడ్డాడు.

ఇంటికొచ్చేసరికి ఇందుమతి గుమ్మంలోనే ఉంది. "పేల్చనిచ్చారా?" అంది. ఆవిడ గొంతులో నాకంటే ఎక్కువ ఆత్రం ఉంది. ఎడమచెయ్యి చాచాను. ఆవిడ వేలు పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఒక్కసారి పీల్చింది. కళ్లు పెద్దవయ్యాయి.

"దీపావళి వాసనొస్తోంది!"

"ఊఁ."

ఇంకోసారి పీల్చి, నవ్వి, చీర కొంగుతో కళ్లు తుడుచుకుంది. తరవాత గృహిణి కాబట్టి, "సరే గాని, అన్నానికి లేవాలి. వెళ్లి ఆ వేలు శుభ్రంగా కడుక్కోండి" అంది.

"లేని వేలుని కడుక్కోమంటావేమిటే?" అన్నాను నేను.